సప్తసంతానాలలో లేని బాట



కుమారుడు, చెరువు, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం: ఈ సప్తసంతానాలను బడిపిల్లల చేత ముప్ఫై యేళ్ళు వల్లె వేయించినవాడను. ఇందులో బాట లేదేమని ఎవరూ అడుగలేదు, నాకూ తోచలేదు. అరవై ఆరవ యేట, వర్జీనియాలోని మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు, షెనన్డోవా కొండలలో తోచినది.

ఆ కొండల మీదుగా అపలేచియన్ కాలిబాట సాగుతుంది. జార్జియా మొదలు మెయిన్ వరకు పద్నాలుగు రాష్ట్రాలు, సుమారు 3,500 కిలోమీటర్లు. బెంటన్ మెకై 1921లో ఒక వ్యాసంలో ఈ ఊహను ప్రకటించగా, 1937 నాటికి బాట పూర్తయినది. సర్కారు శిబిరాల పనివారు కొంత తోడ్పడినా, దారి వెదకి పొదలు కొట్టినవారిలో సెలవునాడు వచ్చిన ఔత్సాహికులే మెండు. నేటికీ సుమారు ముప్ఫై సంఘాలవారు దానిని తలా ఒక ముక్కగా పంచుకొని సాకుతున్నారు.

ఒక శనివారం నా చేతికీ పార ఇచ్చారు. బాటకు శత్రువు పాదమని తలచాను. కాదు, నీరు. అందుకే బాటను లోయవైపు కొద్దిగా వాలుగా చెక్కుతారు. ఏటవాలున రాళ్ళను అడ్డముగా కాక, ఐమూలగా పాతి నీటిని ప్రక్కకు మళ్ళిస్తారు. ఆ మళ్ళింపులో ఆకులు కుళ్ళి పూడితే నీరు మళ్ళీ బాటనే పట్టుకుంటుంది. నాకంటె పెద్దదైన ఒక అవ్వ అక్కడ కూర్చుండి ఆ మురుగు గోకుతూ, "ఈ మైలు నాది" అన్నది. ఆమెకు అక్కడ సెంటు భూమి లేదు!

మన వద్ద బాటలు వేసినవారు లేకపోలేదు. పదునాలుగవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడు. కట్టించినవానికి శాసనం ఉంటుంది. కదలిన రాతిని మరల సర్దినవానికి ఏదీ?

ఇది ప్రభుత్వ బాధ్యత కదా అనవచ్చు. నిజమే. అమెరికాలోనూ ఆ బాటకు 1968 నాటి చట్టం అండగా ఉన్నది. కాని చట్టం ఆకులు గోకదు.

పరులను అననేల? మా ఊరి గుట్టదారి కోసుకుపోతున్నదని పదకొండేళ్ళు అర్జీలు వ్రాశాను. ఒక్క సంధిదోషం లేని అర్జీలు. ఒక కార్తికంలో మా ఇంటావిడ అక్కడే జారి మణికట్టు విరుగగొట్టుకున్నది. కట్టు కట్టించి తెచ్చిన రాత్రి నేను చేసినదేమిటి? మరొక అర్జీ వ్రాశాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గవుతుంది.

తిరిగి వచ్చాక నలుగురము గడ్డపారలు పట్టి మూడు మళ్ళింపులు పాతాము. మొదటి వానకే మూడవది కొట్టుకుపోయినది. వాలు తప్పు పెట్టినవాడను నేనే. ఆదివారం ప్రొద్దున దానిని తీసి మళ్ళీ పాతాలి. మా ఇంటావిడ తానూ వస్తానంటున్నది, తట్ట మాత్రం పట్టనన్నది.