గ్యారేజ్‌కి గోడ మోటార్ పెడుతున్నారా? యాప్ సంగతి ఆఖరున చూడండి

యూట్యూబ్‌లో అమెరికా స్మార్ట్ హోమ్ టూర్లు చూసే అలవాటు మీకూ ఉంటే, గోడకి బిగించే గ్యారేజ్ డోర్ ఓపెనర్ ఈపాటికి మీ కంట పడే ఉంటుంది. సీలింగ్‌కి వేలాడే మోటార్ ఉండదు, పొడవాటి రైలూ ఉండదు. తలుపు పక్కన గోడ మీద చిన్న డబ్బా, అంతే. ఫోన్‌లో ఒక్క టచ్, తలుపు పైకి! చూడగానే "ఇది మన ఇంట్లోనూ ఉండాలి" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కొవ్వూరులో మా ఇంటి కింద పార్కింగ్‌కి మోటార్ పెట్టించి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో నేను నేర్చుకున్నది ఒక్కటే: దీన్ని ఫోన్ కొన్నట్టు కొనకూడదు. యాప్, వైఫై, వాయిస్ కమాండ్ అన్నీ లిస్టులో ఆఖరున ఉండాలి.

ముందు తలుపు, తర్వాతే మోటార్

ఆ వీడియోల్లో కనిపించే గోడ మోటార్‌ని జాక్‌షాఫ్ట్ ఓపెనర్ అంటారు. లిఫ్ట్‌మాస్టర్ 8500డబ్ల్యూ ఈ రకమే. అక్కడి తలుపు పలకలు పలకలుగా మడుచుకుని సీలింగ్ కిందికి వెళ్తుంది. తలుపు పైన స్ప్రింగులున్న ఇనప షాఫ్ట్ ఉంటుంది, మోటార్ ఆ షాఫ్ట్‌నే తిప్పుతుంది. మన ఊళ్ళల్లో ఎక్కువగా ఉండేది రోలింగ్ షట్టర్, లేదంటే స్లైడింగ్ గేటు. వాటికి ఇది బిగించలేం. పైగా అది 120 వోల్టుల మీద నడిచే మెషిన్, మన ఇంట్లో వచ్చేది 230. అందుకే "అన్నయ్య డల్లాస్ నుంచి వచ్చేటప్పుడు తెస్తాడు" అనే ప్లాన్ ఉంటే ఇప్పుడే మానుకోండి.

మనకి దీనికి దగ్గరగా ఉండేది షట్టర్ సైడ్ మోటార్. షట్టర్ పైపు చివర, గోడ పక్కన బిగించి చైన్‌తో తిప్పుతారు. షట్టర్ తేలికైనదైతే పైపు లోపలే ఇమిడిపోయే ట్యూబ్యులర్ మోటార్ కూడా సరిపోతుంది. స్లైడింగ్ గేటు మోటార్ మాత్రం నేల మీద కూర్చుంటుంది. వానాకాలంలో వీధిలో నీళ్ళు నిలిచే డెల్టా ఊళ్ళో సర్క్యూట్ బోర్డ్ నేలకి జానెడు ఎత్తులో ఉండటం నాకు నచ్చదు. గేటు మోటారే పెట్టాల్సి వస్తే దిమ్మ ఎత్తుగా కట్టించుకోండి. రెండూ కుదిరే ఇల్లయితే నా ఓటు పైన ఉండే మోటార్‌కే.

షట్టర్ పాతదైతే ముందు దాని ఆరోగ్యం చూడండి. స్ప్రింగ్ షట్టర్‌ని చేత్తో సగం వరకూ ఎత్తి ఆపితే అక్కడే నిలబడాలి. ధబీమని కిందికి వస్తుంటే స్ప్రింగులు పోయినట్టే. ఆ బరువంతా మోటార్ మీద పడుతుంది. స్ప్రింగులు మాత్రం మీరు ముట్టుకోవద్దు, మెకానిక్‌ని పిలవండి.

కరెంటు పోయిన రాత్రి

మోటార్ పెట్టించిన కొత్తలో మా ఇంట్లో అందరికీ డెమో ఇచ్చాను. యాప్‌తో, రిమోట్‌తో, మాటతో. కరెంటు లేకపోతే ఎలా తెరవాలో మాత్రం ఎవరికీ చూపించలేదు. నేనే నేర్చుకోలేదు కదా.

అల్పపీడనం వానల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. అర్ధరాత్రి దాటాక నాన్నకి ఆయాసం మొదలైంది. రాజమండ్రి తీసుకెళ్ళాలి. కారు షట్టర్ లోపల ఉంది. ఫోన్‌లో యాప్ ఆఫ్‌లైన్. ట్యూబ్యులర్ మోటార్ కాబట్టి చేత్తో ఎత్తినా కదలదు. తిప్పే హ్యాండిల్ కోసం మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "బాక్స్‌లోనే పెట్టి ఇచ్చానండి" అన్నాడు. నిజమే, ఇచ్చాడు. ఆ బాక్స్ అటక మీద, పాత మిక్సీ డబ్బా వెనకాల ఉంది. చివరికి పక్కింటి బాబాయ్ గారు తన కారు తీశారు. వంతెన దాటాం. నాన్నకి ఏమీ కాలేదు. ఇప్పుడు ఆ హ్యాండిల్ షట్టర్ పక్కనే మేకుకి వేలాడుతోంది. అమ్మ కూడా తిప్పి చూసింది.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 2017లో కాలిఫోర్నియా కార్చిచ్చుల సమయంలో కరెంటు పోయి, గ్యారేజ్ తలుపులు తెరుచుకోక జనం ఇరుక్కుపోయారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. అందుకే 2019 జూలై 1 నుంచి అక్కడ అమ్మే ప్రతి ఇంటి గ్యారేజ్ ఓపెనర్‌కీ బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి చేశారు. మనం కూడా అడిగి తీసుకోవాలి: బ్యాటరీ ఉందా? లేకపోతే చేత్తో తిప్పే చైన్ గానీ హ్యాండిల్ గానీ ఉందా? ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని తిప్పగలరా?

కింద పిల్లాడు ఉంటే?

మోటార్‌కి కళ్ళుండవు. అందుకే అమెరికాలో 1993 జనవరి 1 తర్వాత తయారైన ఇంటి ఓపెనర్లకి, మధ్యలో ఎవరైనా అడ్డొస్తే కనిపెట్టి వెనక్కి వెళ్ళే ఏర్పాటు ఉండాలని రూల్ పెట్టారు. సాధారణంగా అది తలుపుకి రెండు వైపులా, కింద పెట్టే ఫోటో సెన్సర్. మీ కొటేషన్‌లో ఆ లైన్ ఉందో లేదో చూడండి. ధర తగ్గించడానికి మొదట ఎగిరిపోయేది అదే. సెన్సర్ లేకుండా ఫోన్‌తో ఎక్కడి నుంచో షట్టర్ మూయడం స్మార్ట్ కాదు, ప్రమాదం. షట్టర్ కళ్ళెదుట ఉన్నప్పుడే బటన్ నొక్కాలి.

రిమోట్, యాప్

చవక రిమోట్లలో చాలావరకు ఫిక్స్‌డ్ కోడ్‌తో పనిచేస్తాయి, అంటే నొక్కిన ప్రతిసారీ అదే కోడ్. 2015లో సామీ కమ్కర్ అనే సెక్యూరిటీ రీసెర్చర్ ఒక పిల్లల మెసేజింగ్ బొమ్మని మార్చి, ఇలాంటి గ్యారేజ్‌లని 10 సెకన్లలోపే తెరవొచ్చని చూపించాడు. అందుకే రోలింగ్ కోడ్ రిమోటే అడగండి. బజార్లో దొరికే మామూలు కాపీ రిమోట్‌కి మీ కోడ్ ఎక్కేసిందంటే అది దాదాపు ఫిక్స్‌డ్ కోడే.

ఇక యాప్. లిఫ్ట్‌మాస్టర్ మాతృసంస్థ చాంబర్‌లెయిన్ 2023లో తన మైక్యూ సర్వీస్‌కి బయటి యాప్‌ల దారి మూసేసింది. ఆ డిసెంబర్ వెర్షన్‌లో హోమ్ అసిస్టెంట్ మైక్యూ సపోర్ట్‌నే తీసేసింది. మోటార్ మనది, గోడ మనది, తలుపు మనది. తాళం మాత్రం కంపెనీ సర్వర్‌లో! అందుకే కంపెనీ సర్వర్ పడిపోయినా గోడ మీద మామూలు స్విచ్‌తో పనిచేసే మోటారే కొనండి. స్మార్ట్ రిలే తర్వాత ఎప్పుడైనా తగిలించుకోవచ్చు.

నా వర్డిక్ట్: మొదట తలుపుకి సరిపోయే మోటార్, తర్వాత చేత్తో తెరిచే దారి, తర్వాత సెన్సర్, తర్వాత రోలింగ్ కోడ్. వీటన్నిటికీ పోను డబ్బులు మిగిలితే అప్పుడు యాప్. బిగించిన రోజే మెకానిక్ ఎదురుగా మెయిన్ ఆఫ్ చేయించి, ఇంట్లో అందరిచేతా ఒకసారి షట్టర్ తెరిపించండి. అది అయ్యాకే ఫైనల్ పేమెంట్ ఇవ్వండి.