మెట్టు దాటని గేరు

బల్లార్షా నుంచి ఒక సోదరి మాకు వ్రాసిన వుత్తరంలోని సందేహం యిది. వారి ఆయన కారు నడుపుతూ నాలుగో గేరు నుంచి తిన్నగా రెండో గేరుకు వస్తారట. కొత్తగా మోటారు సైకిలు నేర్చిన అబ్బాయి మాత్రం రైలు గేటు దగ్గర ఆగినప్పుడల్లా కాలితో మీటను టకటకా కొడుతూ వుంటాడట. “వాడికి చేతకాదా, బండిలోనే లోపమా?” అని అడుగుతున్నారామె.

బండిలో లోపం లేదమ్మా. అబ్బాయి సంగతి తరువాత చెబుతాము.

కారు మీట ముందుకూ వెనక్కూ పక్కకూ కదులుతుంది. ఏ గేరు ఎక్కడ వున్నదో చెయ్యి తిన్నగా అక్కడికి పోవచ్చు. మోటారు సైకిలు కాలి మీటకు పైకి, కిందికి, రెండే దారులు. గేర్లు వరసగా రావాలి, వరసగానే పోవాలి. అందుకే దీనిని సీక్వెన్షియల్ గేరుబాక్సు అంటారు.

లోపల రెండు ఇరుసుల మీద పళ్ళచక్రాలు జతలు జతలుగా వుంటాయి. జతలోని రెండూ ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకొనే వుంటాయి. అయితే ప్రతి జతలోనూ ఒక చక్రం ఇరుసు మీద వదులుగా, వూరికే తిరుగుతూ వుంటుంది. పక్క చక్రం జరిగి వచ్చి, దాని బొడిపెలు దీని సందుల్లో పడితే అప్పుడది ఇరుసుతో బిగిసి పనికి వస్తుంది. ఆ చక్రాన్ని జరిపేది పంగలకర్ర వంటి ఫోర్కు. ఫోర్కును జరిపేది ఒక గుండ్రని డ్రమ్ము. డ్రమ్ము ఒంటి మీద వంకరలు తిరిగిన గాళ్ళు చెక్కి వుంటాయి. గాడి ఎటు పోతే ఫోర్కు కొన అటు పోవలసిందే. మీటను ఒకసారి తొక్కితే డ్రమ్ము ఒక్క మెట్టు తిరిగి ఆగుతుంది. కాలు తీసి, మీట తన చోటికి వచ్చాక గాని రెండో మెట్టు తిరగదు. నాలుగు నుంచి మూడును తప్పించి రెండుకు పోయే దారి ఆ డ్రమ్ము మీద చెక్కనే లేదు.

ఈ కట్టుబాటు వూరికే పెట్టలేదు. వెనుకటి మోటారు సైకిళ్ళకు గేరు మీట పెట్రోలు ట్యాంకు పక్కన వుండేది, హ్యాండిలు వదిలి మార్చుకోవాలి. 1920ల చివర ఇంగ్లండులో వెలొసెట్ కంపెనీకి చెందిన హెరాల్డ్ విల్లిస్, తొక్కుకు ఒక్క గేరే మారే కాలి మీటను పందెపు బళ్ళకు అమర్చాడు. చేతులు రెండూ హ్యాండిలు మీదనే నిలిచాయి.

మద్రాసులో తయారైన పాత బుల్లెట్టు వారు మన సోదరి బాధను ముందే గ్రహించినట్లున్నారు. దానికి పెద్ద మీటతో పాటు చిన్న మీట ఒకటి వుండేది. క్లచ్చి పట్టి అది నొక్కితే, మొదటి గేరులో తప్ప, ఎందులో వున్నా బండి న్యూట్రలుకు వచ్చేది. అంత మంచి సదుపాయాన్ని తరువాత ఎందుకు తీసేశారో గాని, మాకు మాత్రం విచారమే.

ఇక అబ్బాయి సంగతి. అతడు నాలుగో గేరులోనే క్లచ్చి పట్టి బండిని ఆపి, ఆగాక గేర్లు దించుతున్నాడు. ఆగిన బండిలో చక్రాలు తిరగవు. బొడిపెకు బొడిపె ఎదురుపడితే సందులో పడదు, గేరు దిగదు. అప్పుడు మీటను తన్నకూడదు. క్లచ్చి కొద్దిగా వదిలి పట్టినా, బండిని ముందుకూ వెనక్కూ కాస్త వూపినా దిగుతుంది. అసలు చేయవలసింది, వేగం తగ్గుతూ వుండగానే ఒక్కొక్క గేరు దించుతూ రావడం. చంద్రపూర్, బల్లార్షా దారిలో బొగ్గు లారీ వెనుక నుంచి వస్తున్నప్పుడు, నాలుగో గేరులో నిలబడిపోయిన బండి చటుక్కున పక్కకు తప్పుకోలేదు. రెండో గేరులో వున్నది తప్పుకుంటుంది.

అలాగని వేగం తగ్గకముందే గబగబా దించితే వెనుక చక్రం పట్టేసి జారుతుంది. తొలకరి చినుకులకు రోడ్డు మీది బొగ్గు పొడి నానిన నాడు, ఒక్కో గేరుకూ నడుమ క్లచ్చిని నెమ్మదిగా వదలమని అబ్బాయితో చెప్పండి.