వైద్యుడికీ ఒక వైద్యుడు కావాలి

సిగరెట్టు ఎంతటి ప్రాణాంతకమో లోకానికి గట్టిగా రుజువు చేసిన అధ్యయనాల్లో ఒకటి వైద్యుల మీదే జరిగింది. 1951లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ బ్రిటన్‌లోని డాక్టర్లకు ప్రశ్నావళి పంపి మొదలుపెట్టిన అధ్యయనం, జవాబిచ్చిన వారిలో 34,439 మంది పురుష వైద్యులను అర్ధశతాబ్దం పాటు గమనించింది. పొగతాగడం మానని వారు సగటున పదేళ్లు ముందే చనిపోతున్నారని 2004లో వెలువడిన ఫలితాలు తేల్చాయి. ఈలోగా బ్రిటన్ వైద్యుల్లో చాలామంది సిగరెట్లు వదిలేశారు. కాబట్టి డాక్టర్లకు తమ ఒంటి సంగతి పట్టదన్న మాట సగమే నిజం. పదిమందికీ వచ్చే ముప్పును వాళ్లు బాగానే గుర్తిస్తారు. రోగి స్థానంలో కూర్చోవలసి వచ్చేసరికి మాత్రం తడబడతారు. ఈ తడబాటును వ్యక్తుల నిర్లక్ష్యంగా కొట్టిపారేయలేం. వృత్తే దాన్ని నేర్పుతోంది.

డాక్టరు తన లక్షణాలను తానే చెప్పుకుని, తానే విని, తానే తీర్పు ఇచ్చుకుంటాడు. గుండెల్లో మంటను ఎసిడిటీ అనుకోవడానికి ఆయన దగ్గర కారణాలు సిద్ధంగా ఉంటాయి. సొరుగులో శాంపిల్ మందులూ ఉంటాయి. మరీ అనుమానమొస్తే వార్డు వరండాలో తోటి డాక్టరును ఆపి ఒక మాట అడుగుతాడు. ఆ సంప్రదింపులో స్టెతస్కోపు పెట్టి చూసేదీ ఉండదు, కేస్‌షీటూ ఉండదు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పేవారూ ఉండరు. మామూలు రోగిని మొహమాటం లేకుండా అడిగే ప్రశ్నలు, అంటే నిద్ర, మద్యం, మనసు గురించినవి, తోటి వైద్యుణ్ని అడగడానికి నోరు రాదు. పరిజ్ఞానం ఎంత ఉన్నా, బయటి మనిషి చూపు లేని ఈ వైద్యం సగం వైద్యమే.

మానసిక ఆరోగ్యం దగ్గరికి వస్తే ఈ మౌనం మరీ ప్రమాదకరం. జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య నిర్ధారణ అయిందని చెప్పారు. పీజీల్లో దాదాపు 31 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. పేరు బయటపడితే ప్రొఫెసర్లు ఏమనుకుంటారో, పరీక్షల్లో ఏమవుతుందోనన్న భయం ఉన్నచోట సాయం అడగడానికి ఎవరు ముందుకొస్తారు? సెలవు పెడితే ఆ డ్యూటీ భారం తోటి పీజీ నెత్తిన పడుతుంది. అలా జ్వరంతోనే డ్యూటీ చేయడం నిబద్ధతగా చలామణీ అవుతోంది.

ఎక్కువ గంటలు పనిచేస్తేనే పని వస్తుందని సీనియర్లు అంటారు. కేసులు చూడనిదే వైద్యం రాదన్నది నిజమే. కానీ నిద్రలేని బుర్రకు నేర్చుకునే శక్తి తగ్గుతుందని బోధించేదీ వైద్య కళాశాలే. రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ సాధారణంగా వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. కార్యదళం 74 గంటలైనా మించవద్దని సిఫార్సు చేయాల్సి వచ్చిందంటే, మూడు దశాబ్దాల్లో మనం ఎటు నడిచామో అర్థమవుతుంది. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది: వైద్యుల జబ్బును గోప్యంగా ఉంచితే రోగుల భద్రత మాటేమిటి? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. అయితే భయంతో దాచుకున్న జబ్బుకు చికిత్సా ఉండదు, పర్యవేక్షణా ఉండదు. రోగికి అసలు ప్రమాదం అక్కడే. లండన్‌లో 2008లో వైద్యులు, దంతవైద్యుల కోసం ఒక గోప్య చికిత్సా సేవ మొదలైంది. రోగులకు హాని కలిగే పరిస్థితి ఉంటే నియంత్రణ సంస్థకు తెలియజేస్తూనే, మిగతా వారి రహస్యాన్ని కాపాడటం సాధ్యమే.

తన ఆరోగ్యాన్ని చూసుకోవడం కూడా వైద్యుడి విధి అని ప్రపంచ వైద్య సంఘం 2017లో జెనీవా ప్రతిజ్ఞలో చేర్చింది. ప్రతిజ్ఞ ఒక్కటే సరిపోదు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రతి వైద్య కళాశాలకూ ఆ కళాశాల అధ్యాపకులతో సంబంధం లేని వైద్యుణ్ని, కౌన్సెలర్‌ను నియమించాలి. వారపు సెలవును, డ్యూటీ గంటలను తనిఖీ చేసి, ఉల్లంఘించిన కళాశాలలపై చర్య తీసుకోవాలి.