కోరం లేదండీ... ఆయ్!

సెల్లార్లో ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అయిదింట్లోనే మనుషులున్నారు. కొత్త ప్రెసిడెంటును ఎన్నుకోవాలి. సెక్రటరీ గారు గడియారం చూసుకుని ‘కోరం లేదండీ, అరగంట వాయిదా’ అంటారు. ఆ అరగంటలో టీలు వస్తాయి. ఆ తర్వాత అదే అయిదుగురూ కలిసి పాత కమిటీనే మళ్లీ ఎన్నేసుకుని ఇళ్లకు వెళ్లిపోతారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇదేం కొత్త కాదు.

మన అమలాపురం వైపు దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ ఫ్లాటు కొన్నవాళ్లంతా ఇక్కడే ఉండరు. ఒకాయన కువైట్లో, ఒకావిడ హైదరాబాద్‌లో కొడుకు దగ్గర. ఫ్లాట్లో ఉండేది అద్దెకున్నవాళ్లు. లిఫ్టు ఆగితే మెట్లెక్కేది వాళ్లే, ఓటు మాత్రం ఓనరుది!

ఇంతకీ కోరం అంటే? సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు. లోక్‌సభకు పదో వంతు సభ్యులుంటే చాలంటుంది రాజ్యాంగం. శాసనసభకైతే పదిమంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. 175 మంది ఉన్న మన అసెంబ్లీకి 18 మంది అన్నమాట. మరి మీ అపార్ట్‌మెంటుకు ఎంత? 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే దాని బైలా తీసి చూడాల్సిందే. చాలాచోట్ల అది బిల్డరు ఎక్కడినుంచో తెచ్చిన నమూనా. అందరూ సంతకాలు పెట్టి ఉంటారు, చదివినవాళ్లు తక్కువ.

బైలాలో మూడో వంతు అని ఉందనుకోండి. ఇరవై ఫ్లాట్లకు ఏడుగురు రావాలి. ఏడుగురొస్తే, నాలుగు చేతులు లేస్తే తీర్మానం గెలిచినట్టే. ఆ నలుగురు ఎన్నుకున్న కమిటీయే బ్యాంకు చెక్కుల మీద సంతకాలు పెడుతుంది. లిఫ్టు మరమ్మతు ఎవరికివ్వాలో, డాబా మీద సెల్ టవరుకు ఒప్పుకోవాలో వద్దో, మూలనిధిని ఏ బ్యాంకులో వేయాలో చూసేది వాళ్లే. సరే, అదైనా నిబంధన ప్రకారమే జరిగింది. అసలు తిరకాసంతా దాని కింద వాక్యంలో ఉంటుంది. ‘కోరం లేనిచో అరగంట తర్వాత హాజరైనవారితోనే సమావేశం జరపవచ్చును’ అని. ఈ ఒక్క ముక్కతో పైన రాసుకున్న మూడో వంతు కాస్తా నీళ్లపాలు. అరగంట కూర్చునే ఓపిక ఉన్నవాళ్లదే బిల్డింగు.

2013 నాటి కంపెనీల చట్టంలోనూ ఈ అరగంట ఉంది. కాకపోతే అక్కడ కోరం లేకపోతే సమావేశం మామూలుగా వచ్చే వారం అదే రోజుకి, అదే వేళకి వాయిదా పడుతుంది. అప్పుడూ అరగంట చూసి, ఇక వచ్చినవాళ్లనే కోరం కింద లెక్కేస్తారు. మధ్యలో వారం ఉంది కదా, కువైట్‌కి కబురెళ్తుంది. నన్నడిగితే మిగతా విషయాలు ఎలా ఉన్నా, ఎన్నిక మటుకు ఆ వారం వాయిదా లేకుండా జరగకూడదని బైలాలో రాసుకోవాలి. సగం మంది రావాలని గొప్పగా రాసుకుని ప్రతి ఏడాదీ అరగంట దారి పట్టడం కంటే, పావు వంతు అని రాసుకుని దానికి కట్టుబడటమే నయం.

ఓటెవరిదన్నది ఇంకో తగువు. భార్యాభర్తల పేరు మీద ఒకే ఫ్లాటుంటే ఓట్లు రెండా, ఒకటా? మూడు ఫ్లాట్లున్న ఆసామికి మూడా? ఊళ్లో లేనాయన తరఫున అన్నగారు ఓటేయొచ్చా? ఒకే మనిషి ఎన్ని ప్రాక్సీ కాగితాలు తేవొచ్చు? బైలాలో లేకపోతే ఎన్నిక రోజున గొంతు పెద్దదున్నవాళ్లదే రూలు. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ల సంగతీ అంతే. చందా మూడు నెలలు దాటి బాకీ పడితే ఓటు లేదనీ, సభ్యుడిగా లెక్కే వేయకూడదనీ 1860 నాటి పాత సొసైటీల చట్టంలోనే ఉంది. మీ బైలాలోనూ అలాగే ఉంటే కోరం లెక్క మారుతుంది. ఇరవైలో అయిదుగురు బాకీ అయితే మూడో వంతు చూడాల్సింది పదిహేనుకే. అంటే అయిదుగురు చాలు! అందుకే ఎన్నికకు ముందే బాకీల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టించండి. అడగ్గానే పెట్టకపోతే అనుమానించాల్సిందే.

ఎన్నిక తప్పుగా జరిగిందనిపిస్తే 2001 చట్టం 23వ సెక్షన్ ప్రకారం సభ్యులెవరైనా మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. అప్పుడు నోటీసూ, హాజరు పట్టీ, మినిట్స్ పుస్తకం కావాలి. కనుక వచ్చినవాళ్లు ఖాళీ కాగితం మీద కాక, తేదీ, సమయం, ఫ్లాటు నెంబరు ఉన్న పేజీలోనే సంతకం పెట్టాలి.

తేదీ కూడా ఆలోచించి పెట్టుకోవాలి. ఏటా కనుమ రోజున జగ్గన్నతోటలో పదకొండు ప్రభలు కొలువుదీరుతాయి. గంగలకుర్రు ప్రభ కౌశిక దాటి మరీ వస్తుంది. ఏకాదశ రుద్రులకు కోరం బాధ లేదు! ఆ తీర్థం కోసమే దూరాన ఉన్నవాళ్లూ ఇళ్లకొస్తారు. ఫ్లాటు తాళాలు తీసేదీ అప్పుడే. సంఘం ఎన్నిక ఆ మర్నాడు పెట్టుకుని, నోటీసు డిసెంబరులోనే వాట్సాప్‌లో పంపిస్తే, సెల్లార్లో ఇంకో పది కుర్చీలు నిండుతాయేమో చూడండి.