అరవై దాటితే రైతు కాదా?

‘మనకు బీమా ఉంది కదా’ అంటుంటారు చాలామంది. ఏ బీమా దేనికో తెలిసి ఉండాలి. ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో చేరితే వైద్యానికి. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. రైతుబీమా రైతు చనిపోయాక కుటుంబానికి. ఏ కారణంతో పోయినా 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది.

2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా మంచిదే. కానీ అది పట్టా ఉన్న 18–59 ఏళ్ల వారికే. నల్లగొండలో, పాలమూరులో కౌలుకు పత్తి వేసే రైతుకు లేదు. అరవై దాటిన రైతుకూ లేదు. ఉద్యోగికి రిటైర్మెంటు ఉంది, రైతుకు ఎక్కడిది? బోరు మోటారు స్టార్టరు వయసు చూసి షాక్ కొడుతుందా?

కౌలురైతులను చేర్చాలి, వయసు పరిమితి ఎత్తేయాలి. ఇది మన డిమాండు.

అది సాధించేదాకా బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. 70 ఏళ్ల దాకా ఇస్తారు, పట్టాతో పనిలేదు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు ఉంచండి. రైతుబీమా ఉన్నవారు నామినీ పేరు ఒకసారి సరిచూసుకోండి.