వాకర్ నడక నేర్పదు

సంపాదకులకు,

నడక ఆలస్యమైన పిల్లలను వాకర్‌లో కూర్చోబెట్టాలనీ, రోజూ కాళ్లు లాగి మాలిష్ చేయాలనీ మీ ఆదివారం వ్యాసం సలహా ఇచ్చింది. కీళ్లు మరీ వదులుగా ఉన్న పాప తల్లిగా ఈ రెండింటితోనూ విభేదిస్తున్నాను.

వాకర్‌లో బిడ్డ మునివేళ్లతో నేలను తన్నుకుంటూ పోతుందే తప్ప, తన బరువు తాను మోయడం, తూలినప్పుడు నిలదొక్కుకోవడం నేర్చుకోదు. ప్రమాదాల కారణంగా కెనడా 2004లోనే వాకర్లను నిషేధించింది. ఇక అవసరానికి మించి సాగుతున్న కీళ్లను ఇంకా లాగడమెందుకు? ఆ బిడ్డకు కావలసింది కండబలం. మంచం పట్టుకుని పక్కకు అడుగులేయించడం, గొంతుక్కూర్చుని బొమ్మ తీసుకుని లేవనివ్వడం, బరువైన స్టూలు నెట్టించడం, ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగనివ్వడం: ఫిజియోథెరపిస్టు మాకు నేర్పినవి ఇవే. ఒంటిచేయి పట్టి పైకి లేపవద్దనీ, మోచేతి ఎముక జారుతుందనీ హెచ్చరించారు.

‘వాళ్ల నాన్నా ఆలస్యంగానే నడిచాడు’ అని ఊరుకోవడం మరింత ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దాదాపు అందరూ 18 నెలలలోపే సొంతంగా నడుస్తారు. ఆ వయసు దాటినా నడవకపోతే తుంటి కీలు సమస్య, థైరాయిడ్, కండరాల జబ్బు వంటివి ఉన్నాయేమో డాక్టరే చూడాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో (డీఈఐసీ) ఈ సేవలు ఉచితం. వ్యాసంలో లేని ఈ సమాచారాన్ని దయచేసి ప్రచురించండి.

– ఒక తల్లి, తెనాలి