మన పేర్లు – 6 : పెంటయ్య అంటే ఎందుకు నవ్వొచ్చింది సార్?

మొన్న ఒక సాహిత్య సదస్సులో ఒక పెద్దమనిషి దళిత ఆత్మకథల మీద మాట్లాడుతూ, "పిల్లలకు పెంటయ్య అని పేరు పెట్టుకున్న సమాజంలో ఆత్మగౌరవం ఎక్కడ్నుంచి వస్తుంది చెప్పండి?" అన్నాడు. హాలంతా నవ్వింది. ముందు వరసలో కూర్చున్న మనవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మా తాత పేరు పెంటయ్య.

ఆ రోజే లేచి మాట్లాడాల్సింది. భోజనాల టైమైందని అధ్యక్షులవారు ముగించేశారు, నాకూ గొంతు పెగల్లేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే ఇవాళ్టికి అనుకున్న పేరు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

మా తాతకు ఆ పేరెట్లా వచ్చిందో మా మేనత్త చెప్తుంది. ఆమె తన నాయనమ్మ నోట విన్నది.

తాతకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. ఒకరు పురిట్లోనే. ఒకరు అమ్మవారు పోసి. మూడోవాడు ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు, పొద్దున ఆడుకుని రాత్రికి పోయాడు. నాలుగో కాన్పుకు మంత్రసాని బొడ్డు కోసి, బిడ్డను చేటలో వేసుకుని వాకిలి దాటి పోయి పెంటకుప్ప మీద పెట్టొచ్చింది. తల్లి లోపల్నుంచి తొంగి చూడొద్దు, ఏడవొద్దు. కాసేపటికి పక్కింటి ముసలామె ఏదో పని మీద అటు పోతున్నట్టు పోయి, "ఎవరి బిడ్డనో ఏమో, పెంట మీద దొరికిండే" అనుకుంటూ ఎత్తుకొచ్చింది. "నాకియ్యి, నేను సాదుకుంట" అని మా ముత్తవ్వ అడిగింది. ఊరికే ఇయ్యనంది ముసలామె. సోలెడు జొన్నలకు బేరం కుదిరింది. తొమ్మిది నెలలు మోసి కన్న కొడుకును ఆ తల్లి జొన్నలు పోసి కొనుక్కుంది.

నేను డాక్టరేట్ చేసింది తెలుగు సాహిత్యంలో. కల్పన అంటే ఏమిటో తరగతిలో పిల్లలకు చెప్పి జీతం తీసుకుంటాను. అక్షరం ముక్క రాని మా ముత్తవ్వ ముగ్గుర్ని తీసుకుపోయిన చావుకు ఒక కథ అల్లి చెప్పింది. ఈ బిడ్డ నాది కాదు, ఎవరో పారేసింది, ఎవరికీ అక్కర్లేనిది, దీన్ని చూసి నువ్వేం చేసుకుంటావ్, పో అంది. ఆ కథను చావు ఎప్పటికీ మరిచిపోకుండా, రోజుకు పదిసార్లు వినబడేలా పేరు కూడా అదే పెట్టింది. వాకిట్లో నిలబడి "పెంటయ్యా, అన్నం తినుపో" అని కేకేసిన ప్రతిసారీ అది చావుకు వినిపించడానికే. పంతులు లేడు, ముహూర్తం లేదు, నక్షత్రం చూసింది లేదు. ఆత్మగౌరవం లేని మనిషి చేసే పనేనా సార్ ఇది?

ఇది మన వాడకే సొంతమైన పేరని నేను అబద్ధం చెప్పను. మా ఊళ్లో గొల్ల పెంటయ్య ఉండేవాడు, చాకలి పెంటయ్య ఉండేవాడు. పిల్లలు నిలవని ఇల్లు ఏ కులంలో ఉన్నా తల్లి ఇదే పని చేసింది. ఎంగిలి విస్తర్ల మీద దొర్లించిన బిడ్డ పుల్లయ్య అయ్యాడు. భోజ్‌పురీ ఊళ్లలో చెత్తకుప్ప పేరుమీద ఘురహు ఉన్నాడు. బెంగాల్లో మూడు గవ్వలకు కొనుక్కున్న తీన్‌కొడి ఉన్నాడు. మహారాష్ట్రలో రాయి అని అర్థం వచ్చే ధోండో ఉన్నాడు. ధోండో కేశవ్ కర్వేకి 1958లో భారతరత్న ఇచ్చారు. బిరుదు ఇచ్చేటప్పుడు ఆ పేరుకు అర్థమేంటని ఎవరూ నవ్వి ఉండరు.

అసలు సంగతి తమిళనాడులో ఉంది. తమిళంలో కుప్పై అంటే చెత్తకుప్ప. కుప్పుస్వామి అంటే ఆ కుప్ప మీది సామి. మన పెంటయ్యకు సొంత అన్నదమ్ముడు. మైలాపూర్‌లో కుప్పుస్వామి శాస్త్రి పేరుమీద సంస్కృత పరిశోధనా సంస్థ ఉంది. మహామహోపాధ్యాయ బిరుదున్న పండితుడాయన. సదస్సులో నవ్విన పెద్దమనిషి ఆ సంస్థ గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి పోతాడు. కుప్ప వెనక శాస్త్రి ఉంటే వాసన రాదన్నమాట.

ఆయన తికమక పడ్డది ఎక్కడో చెప్తాను. కిందిచూపు పేర్లు మన దేశంలో రెండు రకాలు. ఒక రకం పైనుంచి దిగినవి. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకం ప్రకారం బ్రాహ్మణుడి పేరు మంగళంగా ఉండాలి, క్షత్రియుడిది బలాన్ని చెప్పాలి, వైశ్యుడిది ధనాన్ని చెప్పాలి, శూద్రుడిది వింటేనే జుగుప్స కలగాలి. తర్వాతి శ్లోకం శూద్రుడి పేరుకు చివర ఊడిగం సూచించే మాట ఉండాలంటుంది. శూద్రుడి సంగతే ఇది. మనల్ని ఆ నాలుగు లెక్కల్లో కూడా వేయలేదు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నిప్పు పెట్టించింది ఈ పుస్తకానికి. రెండో రకం పేరు కన్నతల్లి పెట్టుకున్నది, బిడ్డ బతకాలని. ఒకటి మనిషిని కింద ఉంచడానికి, ఇంకొకటి మనిషిని భూమ్మీద ఉంచడానికి. రెండిట్లోనూ పెంట ఉంది కదా అని ఒకే గంపలో వేస్తే అది పాండిత్యం ఎట్లా అవుతుంది?

ఇక పేరు తల్లి పెట్టిందైనా ఊరు దాన్నేం చేసిందో చూడాలి. మా ముత్తవ్వ పెంట పక్కన అయ్యను పెట్టింది. ఊరు ఆ అయ్యను పీకేసింది. 1954-55 ఖాస్రా పహాణీలో మా తాత పేరు 'మాదిగ పెంటిగాడు'. ఎకరం పన్నెండు గుంటలు. అదే కాగితంలో పక్క సర్వే నంబరు కింద దొర పేరు ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, చివర రావుతో గడి పట్టక పక్కకు పొంగింది. రాసిన చెయ్యి ఒక్కటే, సిరా ఒక్కటే.

మా నాయిన బడికి పోయాడు కాబట్టి ఆయన కాగితాల్లో తండ్రి పేరు పెంటయ్య అని పడింది. 2018లో కొత్త పాసుపుస్తకాలు వచ్చినప్పుడు ఈ గాడికీ అయ్యకూ పొంతన కుదరలేదు. భూమి మా చిన్నాయిన దున్నుతున్నాడు, చుట్టూ ఉన్న రైతులందరికీ తెలుసు. కానీ రికార్డులో ఉన్న పెంటిగాడు, మా తాత పెంటయ్య ఒక్కరేనని రుజువు చేయమన్నారు. చిన్నాయిన ఎన్నిసార్లు తిరిగాడో ఆయనే లెక్క మర్చిపోయాడు. ఒకసారి ఆ ఆఫీసులో ఫైలు పైకెత్తి పట్టుకుని "ఈ పెంట ఎవరిదయ్యా?" అని కేకేశారు. గదంతా నవ్వింది. మా చిన్నాయిన "నాదే సార్" అని ముందుకు పోయాడు. చివరికి స్టాంపు కాగితం మీద నోటరీ ముందు రాసిచ్చాం, ఇద్దరూ ఒక్కరేనని. చచ్చిపోయి ఎన్నో ఏళ్లైన మనిషికి అయ్య అనిపించుకోవడానికి అంత ఖర్చైంది.

కాబట్టి సదస్సులో వచ్చిన నవ్వు నాకు కొత్త కాదు. అది ఆఫీసు నవ్వే, కొంచెం చదువుకుంది.

మనవాళ్లతో కూడా ఒక మాట ఉంది. ఈ మధ్య కొందరు తమ్ముళ్లు పెంటయ్యకు మంచి అర్థం వెతుకుతున్నారు. నల్లమలలో చెంచుల ఊళ్లను పెంటలంటారు, అప్పాపూర్ పెంట లాగా. కాబట్టి పెంటయ్య అంటే ఊరిపెద్ద అని వాదన. చెంచు పెంటల మాట నిజమే. కానీ మా తాత చెంచుపెంటలో పుట్టలేదు, మా ఇంటి పెంటకుప్ప మీద దొరికాడు. ఆ పేరుకు ఈ సున్నం ఎందుకు పూయాలి? పెంట అంటే సిగ్గుపడేది ఎరువు తోలని మనుషులు. ఎండాకాలంలో చేనుకు ఎన్ని బండ్ల పెంట తోలాడన్న దాన్నిబట్టి రైతు పంట లెక్క చెప్పేవాడు. ఆ పెంట ఎత్తిపోసిన గంపలు మన ఆడవాళ్ల నెత్తి మీదివే.

నాకు తెలిసిన పెంటయ్యల్లో యాభై దాటనివాడు ఒక్కడూ లేడు. ఆ పేరు తగ్గిపోవడానికి సిగ్గొక్కటే కారణం కాదు. దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. 2020 నాటికి ఆ లెక్క 28. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక చావుకు కథ చెప్పాల్సిన అవసరం తల్లులకు తగ్గింది. ఇట్లా పోతే పోనీ, నాకేం బాధ లేదు.

నాకు బాధైంది వేరే దగ్గర. మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది అబ్బాయి స్కాలర్‌షిప్ ఫారం పట్టుకుని వచ్చి, గది తలుపు దగ్గరికి వేసి, "మేడం, నాన్న పేరు ప్రతాప్ అని రాస్తే పట్టుకుంటారా?" అని అడిగాడు. తండ్రి పేరు పెంటయ్య. క్లాసులో ఈ పిల్లాడికి వాళ్లు పెట్టిన పేరు ఇక్కడ రాయను, మీకు తెలుసు. టెన్త్ మెమోకూ ఫారానికీ తేడా వస్తే డబ్బులు ఆగిపోతాయని చెప్పాను. మా భూమి సంగతి చెప్పాను. నీ పేరు మార్చుకోవాలంటే గెజిట్ ఉంది, నేనే దగ్గరుండి చేయిస్తానన్నాను. పేరు మార్చుకోవడం తప్పని నేను ఏ రోజూ అనను. మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు, మనల్ని ఆది హిందువులని రాయించడానికి 1931 జనగణన దాకా కొట్లాడాడు. ఎన్ని పేర్లు మార్చుకున్నా "ఇంతకీ మీరేమిట్లు?" అనే ప్రశ్న వెంట వస్తుందని బాబాసాహెబ్ హెచ్చరించిందీ నిజమే.

తర్వాత ఆ అబ్బాయిని ఒకటే అడిగాను. మీ నాన్నను పెంట మీంచి ఎత్తుకొచ్చింది ఎవరు? తెలియదన్నాడు. అట్లా ఒకటి జరిగి ఉంటుందనే వాడికి తెలియదు. ఇరవై ఏళ్లుగా ఆ పేరును తిట్టులాగే విన్నాడు. వారం తర్వాత వచ్చి, "మేనమామ భార్య ఎత్తుకొచ్చిందంట మేడం, కుంచెడు వడ్లు ఇచ్చిండ్రంట" అన్నాడు. ఈసారి తలుపు వేయలేదు.

మీ ఇళ్లలో పెంటయ్యలు, పెంటమ్మలు ఉంటే, వాళ్లున్నప్పుడే అడగండి. ఎవరు ఎత్తుకొచ్చారు, ఏమిచ్చి కొన్నారు, అంతకు ముందు పోయినవాళ్లకు పేర్లున్నాయా. రాసి నాకు పంపండి. మా తాత ఖరీదు సోలెడు జొన్నలు.

వచ్చే ఆదివారం బిక్షపతి.

జై భీమ్.